మూడోసారి చూడనిదే తుడవని దస్తగిరి అన్న

దస్తగిరి అన్న ఇక లేరని శుక్రవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. గుండెపోటట. పాపకు ముద్ద పెడుతూ విన్నాను. ఆ వెంటనే వచ్చింది దుఃఖం కాదు, సిగ్గు విడిచి చెబుతున్నాను, విసుగు. నా లాప్‌టాప్ ఇంకా ఆయన బల్ల మీదే ఉంది!

ఆదోనిలో పత్తి యార్డు దారిలో ఆయన రిపేరు షాపు. డిగ్రీ చదివే రోజుల్లో నేను కంప్యూటరు విప్పడం, బిగించడం నేర్చుకున్నది అక్కడే. మిల్లుల నుంచి వచ్చిన కంప్యూటర్ల మూత తీసి, లోపల పేరుకున్న దూదిని పిడికిలితో లాగి యజమానికి చూపేవారు. "దీంతో దిండు కుట్టించుకోప్పా, నిద్దరన్నా పడతాది" అనేవారు. అంత పరిహాసప్రియుడూ కంప్యూటర్లో దాచుకున్నవి తుడిచేసే పని వస్తే రాయిలా మారిపోయేవారు.

నా లాప్‌టాప్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా, పాత సిస్టమ్ ఉన్న భాగం సగం డిస్కును ఆక్రమించి కూర్చుంది. ఇంటి నుంచి చేసే ఉద్యోగానికి చోటు చాలడం లేదు. పాప పుట్టిన నెల ఫోటోలు ఆ పాత భాగంలోనే ఉండేవి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని, చంకలో బిడ్డతో మా ఎమ్మిగనూరులో ఆదోని బస్సెక్కాను.

"ఫోటోలు తెరిసి సూసినావామ్మా?"

"చూసినాన్లే అన్నా. తుడిచేయ్."

"యాడ సూసినావు?"

"ఈ లాప్‌టాప్‌లోనే."

"అది సూసినట్ల కాదు. ఇంకో కంప్యూటర్లో సూసుకోని రా. తుడిసేది నిమిసం పని తల్లీ. తిరిగి తెచ్చేది ఎవురు?"

తిట్టుకుంటూ ఇల్లు చేరాను. పక్కింటి కంప్యూటర్లో పెన్‌డ్రైవ్ పెడితే ఒక్క ఫోటో తెరుచుకోలేదు. నేను దించుకున్నది షార్ట్‌కట్ గుర్తును మాత్రమే. నా లాప్‌టాప్‌లో అది పాత భాగంలోని ఫోటోలకే దారి చూపింది. ఆయన నా మాట విని తుడిచి ఉంటే, ఇంక్యుబేటర్ అద్దం వెనక పిడికెడంత ఉన్న నా బిడ్డ ఆ రోజే చెరిగిపోయి ఉండేది.

ఫోటోలు సరిగ్గా దించుకుని మళ్లీ వెళ్లాను. అప్పుడూ తుడవలేదు! కొత్త సిస్టమ్ మొదలవడానికి కావలసిన ఫైళ్లు పాత భాగంలో ఉన్నాయట. "పాత గోడ మింద కొత్త దూలం ఆనించినారు. గోడ పడగొడితే దూలం నిలుస్తాదా?" ఆ ఫైళ్లను కొత్త భాగంలో పెట్టి, పాతదాన్ని దాచి, మూడుసార్లు ఆన్ చేసి చూడాలన్నారు, అందుకు ఇంకో రోజు రమ్మన్నారు. మూడోసారి వెళ్తే కరెంటు లేదు. నాలుగోసారి, "ఈడ పెట్టి పో, నిదానంగా సూస్తా" అన్నారు. ఆ నిదానం మీద నాకెంత కోపమో!

పలకరించడానికి వెళ్లినప్పుడు కూతురు లాప్‌టాప్ చేతికిచ్చింది. మూతకు అంటించిన చీటీలో ఆయన రాత: "రెండుసార్లు ఆన్ అయినది. ఇంకొకసారి చూడవలెను."

ఆ మూడోసారి నేనే చూశాను. ఆన్ అయింది. పక్కింట్లో ఫోటోలు మరోసారి తెరిచి చూసుకున్నాను. అప్పుడే పాత భాగాన్ని తుడిచాను.

రిపేరు తెలిసినవాళ్లు ఆదోనిలో ఇంకా ఉన్నారు. మన తొందరకు అడ్డంగా నిలబడి, మన తిట్లు తిని, మన సొత్తు మనకు దక్కించే మనిషి మళ్లీ దొరకడు. గురువుకు నమస్కరిస్తున్నాను.

తుడిచేయమంటారా అని కంప్యూటరు ఒక్కసారే అడిగింది. అవునన్నాను. ఇంకోసారి సూసుకో తల్లీ అనేవారు ఎవరూ లేరు.