నూతిలో శవం, చేతిలో కాఫీ

ఒక్క పుస్తకంతో, అదీ తను చదవని పుస్తకంతో, ఓ పాఠక మండలిని గోగునార బేళ్ల కింద సమాధి చెయ్యబోయిన ఘనుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే.

అరవైల చివరి మాట. గజపతినగరంలో కొత్తగా గుమాస్తాగా చేరాను. జీతం తక్కువ, అనుమానం ఎక్కువ. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనీ, నవ్వకపోతే ఇంకా ఎక్కువ కలిపాడనీ అనుకునేవాణ్ని. అలాంటివాడి చేతికి పాఠక మండలి వాళ్లు కార్యదర్శి పదవీ, బీరువా తాళమూ ఇచ్చారు. నెలకో పుస్తకం నేను ఎంచాలి. ఉన్న ఆ ఒక్క పుస్తకమూ ఇల్లిల్లూ తిరిగాక, ఆఖరి ఆదివారం అందరం కూచుని చర్చించాలి. ఊళ్లో నన్ను ‘గారూ’ అని పిలిచేది ఆ ఒక్క చోటే. ఆ గౌరవం పోతే నేనేమైపోను?

మండలి కూచునే గది నార వ్యాపారి పారినాయుడుగారిది. వరసగా రెండు నెలలు నేను ఎంచిన పుస్తకాల చర్చలో ఆయన కుర్చీలోనే గురక పెట్టారు. లేచాక తేల్చి చెప్పేశారు.

“సూడండి సత్యంగారూ, ఈసారి మంచి పుస్తకం తేకపోతే గది కాళీ సేసీండి. నార బేళ్లు ఏసుకుంటాను.”

వారం రోజులు అన్నం సయించలేదు.

అప్పుడు నేను మా మేనత్త నరసమ్మ ఇంట్లో ఉండేవాణ్ని. ఆవిడ వారపత్రికల్లో సీరియల్ కాగితాలు వారం వారం చింపి, ట్రంకు పెట్టెలో దాచి, కథ అయ్యాక విజయనగరంలో బైండు చేయించుకునేది. ఓ మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి, కొత్త బైండు ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పాడి ఆవు తప్పిపోయిన నాడు కూడా ఆవిడ కంట అంత నీరు చూడలేదు. ఇంత ఏడిపించిన పుస్తకం ఎంత గొప్పదై ఉండాలి!

“అత్తా, ఇది మా మండలికి కావాలి.”

“ఒద్దురా సత్తిం. దాంట్లో ఓ తిరకాసు ఉన్నాది. ముందు నా మాట ఇను...”

ఆహా! ఇవ్వడం ఇష్టం లేక తిరకాసట! నాకు తెలియవా ఈ పిసినారి వేషాలు? ఆవిడ మాట పూర్తయ్యేసరికి పుస్తకం నా చంకలో ఉంది, నేను వీధిలో ఉన్నాను. మర్నాడే అత్త, తన కూతురి పురిటికని ఎచ్చెర్ల వెళ్లిపోయింది.

మరి నువ్వు చదివావా అంటారు. చూశారా, మీకూ అనుమానమే! మర్యాద కొద్దీ నా వంతు ఆఖర్న పెట్టుకున్నాను. నా ముందు వంతు డ్రిల్లు మాస్టారు సన్యాసిరావుది. చర్చ మొదలయ్యేదాకా ఆయన పుస్తకం వదల్లేదు. ఈలోగా పుస్తకం తీసుకెళ్లిన ప్రతివాడూ నన్ను చూస్తే పక్క సందులోకి తిరిగేవాడు. ఎలా ఉందండీ అంటే, “ఉన్నాదండి” అని జారుకునేవాడు. ఒక్కడూ చదవలేదని నాకు రూఢి అయిపోయింది.

ఆదివారం వచ్చింది. గది బయట వరండాలో అప్పుడే రెండు బేళ్లు దిగి ఉన్నాయి. పారినాయుడుగారు ఈసారి గురక పెట్టలేదు. ముందుకు వంగి అడిగారు.

“సత్యంగారూ, ఆ సీత నూతిలో పడి సచ్చిపోనాది కదా. మరి నాలుగు కాగితాలు తిప్పేసరికి వొచ్చి మొగుడికి కాఫీ ఎలాగిచ్చినాది?”

నాకు చటుక్కున వెలిగింది. ఇది ఉచ్చు! కథలో నుయ్యీ లేదు, చావూ లేదు. నేను చదివానో లేదో తేల్చుకోవడానికి ఈ పెద్దమనిషి కల్పించాడు. బెదిరితే గది పోయినట్టే. గొంతు సవరించుకున్నాను.

“అదేనండీ ఇందులో కొత్త టెక్నిక్కు. చచ్చిపోయింది సీత మనసు. కాఫీ ఇచ్చింది శరీరం.”

డ్రిల్లు మాస్టారు ఊరుకుంటాడా? “మరి ఇన్‌స్పెక్టరు పంచనామా కూడా సేసినాడు కదా?”

వీడూ కుట్రలో ఉన్నాడన్నమాట! “మనసుకే పంచనామా, మాస్టారూ!”

పారినాయుడుగారి కళ్లు చెమర్చాయి. “మనసుకి పంచనామా! ఎంత మాటన్నారండీ! సదివిన కాణ్ణుంచి నా బుర్రే సెడిపోనాదనుకున్నాను. గది మీదే, ఉంచుకోండి.”

నేను గాల్లో తేలుతున్నాను. సరిగ్గా అప్పుడే, బస్సు దిగి తిన్నగా వచ్చినట్టుంది, చేతిలో సంచీతో గుమ్మంలో మా అత్త!

“ఒరే సత్తిం! నా పుస్తకం ఏదిరా? బైండరుకి ఇచ్చీయాల. ఆ సచ్చినోడు నా రెండు సీరియళ్ల కాగితాలూ కలగాపులగం సేసి కుట్టేసినాడు! పైన కథ పేర్లున్న అంచు కూడా నున్నగా కోసేసినాడు!”

“అయితే అత్తా,” అన్నాను పీలగా, “నువ్వు ఆ రోజు ఏడ్చింది...”

“ఏడవక నవ్వమంటావేటి? మూడేళ్లు దాసిన కాగితాలు నాసనం సేసేసినాడు! సెప్తంటే ఇన్నావేటి నువ్వు?”

ఎవ్వరూ నవ్వలేదు. అదే ఘోరం. మండలి మొత్తం నా వైపు చూసింది. పారినాయుడుగారు మెల్లగా లేచారు. అయిపోయింది, బేళ్లు లోపలికి రావడమే తరువాయి అనుకున్నాను. ఆయన నన్ను దాటుకుని అత్త దగ్గరికి వెళ్లి, తన కుర్చీ జరిపి వేశారు.

“కూకో అమ్మా. ముందు ఇది సెప్పు. నూతిలో ఉన్న శవం ఎవులిది?”

“అది రెండో కథలోది బాబూ. దివాన్ గారి మరదలు.”

“సంపినోడెవుడు?”

అత్త కూచుంది. సంచీ పక్కన పెట్టి మొదలెట్టింది. ముందు దివాన్ గారి కథ, తరవాత సీత కథ, దేనికది విడదీసి చెబుతుంటే, దీపాలు పెట్టే వేళయినా ఒక్కడూ కదల్లేదు. అంతా అయ్యాక పారినాయుడుగారు తీర్పు చెప్పారు.

“వొచ్చే నెల నుంచి పుస్తకం ఈయమ్మ సెప్తాది. తాళం ఈయమ్మకి ఇచ్చీ.”

“మరి నేనండీ?” అన్నాను.

“నువ్వు వరండాలో బేళ్ల కాడ కూకో.”

‘గారూ’ కూడా పోయింది, గమనించారా?

ఆనాడే ఆ బేళ్ల మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాను. ఇంకొకరి కన్నీళ్లు చూసి ఈ జన్మలో ఏ పుస్తకాన్నీ మెచ్చుకోను. ముందు నేను చదువుతాను. చదివే ముందు కుట్టు విప్పి చూస్తాను. ఆ కుట్టు కన్నా ముందు, ఏడుస్తున్న మనిషిని ఎందుకేడుస్తున్నావని అడుగుతాను, జవాబు పూర్తయ్యేదాకా కూచుంటాను.