ఐదు సీసాలు, ఒక ముక్కు

మా బాబాయి నీళ్లు తాగే ముందు వాసన చూస్తాడు. ఆయనలో ఇంకే లోపమూ లేదు. ఆ ఒక్కటే పది లోపాల పెట్టు.

ఎవరింటికి వెళ్లినా సరే, గ్లాసు చేతికి రాగానే దాని మీద అరచెయ్యి మూతపెట్టి, రెండుసార్లు గిరగిరా తిప్పి, చెయ్యి తీసి, ముక్కు లోపలికి దించుతాడు. కళ్లు మూసుకుంటాడు. ఇంటివాళ్లు పరీక్ష ఫలితాలకి ఎదురుచూస్తున్నట్టు నిలబడతారు. "మీ ట్యాంకు కడిగి ఏడాది దాటింది," అంటాడు. లేకపోతే, "మీ వీధి పైపు లోపల తుప్పు పట్టింది," అంటాడు. ఒకసారి కొత్తగా పరిచయమైనవాళ్లింట్లో, "మీ ట్యాంకు మూత పగిలింది, పావురాలు వస్తున్నాయి," అన్నాడు. మేడెక్కి చూస్తే నిజంగానే రెండు పావురాలు. ఆ పరిచయం అక్కడితో సరి.

"మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజున నా మొహం చూడకముందే గ్లాసులోకి చూశారు," అంటుంది మా పిన్ని. "అప్పుడే తెలుసుకోవాల్సింది."

"మీ ఇంటి నీళ్లు బావుండబట్టే కదే నిన్ను చేసుకున్నాను!" అంటాడు బాబాయి. అది పొగడ్త అని ఆయన ఉద్దేశం.

నిజానికి ఆయన చేసేది ఉద్యోగమే. నగరమంతటికీ మంచినీళ్లు శుద్ధి చేసి పంపే ప్లాంటులో బాబాయి కెమిస్టు. అక్కడ 'వాసన గది' అని ఒకటుంది. ప్రతి ఉదయం నీళ్లని సీసాల్లో పోసి, గోరువెచ్చగా కాచి, ఐదుగురు కూర్చుని మూతలు తీసి వాసన చూస్తారు. వెచ్చబడితే నీళ్లలో దాక్కున్న వాసన బయటికొస్తుందట. ఆ గదిలోకి పౌడరు, సెంటు, ఉల్లిపాయ, కాఫీ ఏవీ రాకూడదు. ఓసారి డైరెక్టరుగారు తలకి ఘుమఘుమలాడే నూనె రాసుకుని వచ్చారు. బాబాయి లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, "సార్, మీరు లోపలికి రావచ్చు. తల మాత్రం బయట పెట్టి రండి," అన్నాడు.

డైరెక్టరుగారు ఆ మాట మర్చిపోలేదు.

నేనూ ఆ ప్లాంటులోనే పనిచేస్తాను, ఫిర్యాదుల ఫోను దగ్గర. ఎండాకాలం వచ్చిందంటే నా చెవికి విశ్రాంతి ఉండదు. రిజర్వాయరులో నాచు పెరుగుతుంది, నీళ్లకి మట్టి వాసన పట్టుకుంటుంది. ఆ నీళ్లు తాగితే ఏమీ కాదని చెప్తే వినేదెవరు? "ఏమీ కాకపోతే నువ్వొచ్చి తాగమ్మా!" అంటారు. ఒక స్కూలు ఆయా అయితే, "పిల్లలు ముక్కు మూసుకుని పారబోస్తున్నారు. పొద్దున్నించీ ఒక్కరూ నీళ్లు ముట్టలేదు," అంది. ఆ ఫోను పెట్టేశాక నాకు అన్నం సయించలేదు.

అందుకే ఓజోన్ పెట్టాలని బాబాయి ఆరేళ్లు పోరాడాడు. ఆయన చెప్పే పద్ధతి ఇదీ: "ఆక్సిజన్‌కి కరెంటుతో గట్టి దెబ్బ తగిలిస్తే ఓజోన్ అవుతుంది. దెబ్బ తిన్నది ఊరుకుంటుందా? ఆ కోపమంతా కనపడ్డవాటి మీద తీర్చుకుంటుంది. నీళ్ల అడుగు నుంచి బుడగలుగా వదిలామనుకో, మట్టి వాసన పుట్టించేవాటిని విరిచి ముక్కలు చేసేస్తుంది."

"అచ్చం మీ ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక మీరు చేసినట్టే," అంది పిన్ని.

చివరికి ఓజోన్ గది కట్టారు. గోడల మందం చూస్తే కోటలా ఉంది. నీళ్లు నిలిచి తేరుకునే తొట్లకీ, ఇసుక ఫిల్టర్లకీ మధ్య పెట్టారు. ఇదివరకు తొట్లనించి ఫిల్టర్లకి నేరుగా వెళ్లే పాత పైపుని దాని వాల్వు తిప్పి మూసేశారు. ఓజోన్ గదిలోంచి నీళ్లు బయటికొచ్చే వాకిట్లో వాసన కనిపెట్టే కొత్త యంత్రమొకటి కూర్చోబెట్టారు. దాన్ని చూడగానే డైరెక్టరుగారి మొహం వెలిగిపోయింది.

"ఇక మనకి ముక్కులతో పనిలేదు. ప్రారంభోత్సవం ముందు ఒక పరీక్ష పెడదాం. యంత్రం, మీ ముక్కు ఒకటే మాట చెప్తే సరే. తేడా వచ్చి, తప్పు ముక్కుదైతే, వాసన గదిని సామాన్ల గది చేస్తాను," అన్నారు.

"అలాగే సార్," అన్నాడు బాబాయి. ఇంటికి వచ్చాక మాత్రం గ్లాసుని మామూలుగా రెండుసార్లు తిప్పేవాడు కాస్తా ఏడుసార్లు తిప్పాడు. ఇరవై రెండేళ్లు ఆ గదిలో కూర్చున్నవాడు. దాన్ని విరిగిన కుర్చీలకి అప్పజెప్పడమంటే ఆయనకి ప్రాణం పోయినట్టే.

పరీక్ష రోజు గది నిండా ఇంజినీర్లు. బల్ల మీద ఐదు సీసాలు. అన్నీ నగరానికి వెళ్లే చివరి కుళాయి దగ్గర పట్టినవే. బాబాయి ఒక్కొక్కటీ తీసి, తిప్పి, మూత తెరిచి, కళ్లు మూసుకున్నాడు. ఐదోది కింద పెట్టి అన్నాడు:

"మట్టి."

"ఏ సీసాలో?" అన్నారు డైరెక్టరుగారు.

"అన్నింట్లో."

ఇంజినీర్లు ఘొల్లుమన్నారు. యంత్రం కాగితం ఊపుతూ ఒకాయన, "సున్నా వచ్చింది సార్! శుద్ధ సున్నా!" అన్నాడు.

"యంత్రం అబద్ధం చెప్పదు," అన్నారు డైరెక్టరుగారు.

"చెప్పదు సార్. అది ఓజోన్ గది వాకిట్లో ఉంది. అక్కడ సున్నానే. నేను చివరి కుళాయి నీళ్లు వాసన చూశాను. మధ్యలో ఎక్కడో ఓజోన్ తగలని నీళ్లు కలుస్తున్నాయి."

"ఎక్కడ?"

"అది నా ముక్కు చెప్తుంది. సాయంత్రం దాకా టైమివ్వండి."

డైరెక్టరుగారు గడియారం చూసుకున్నారు. "ఐదింటికల్లా తేలకపోతే వాసన గదికి సామాన్ల గది తాళం వేయిస్తాను," అన్నారు.

ఆ మధ్యాహ్నం నేను జన్మలో మర్చిపోను. ముందు బాబాయి, వెనక నేను సీసాల బుట్టతో, మా వెనక వేడుక చూడ్డానికి సగం ప్లాంటు. ఓజోన్ గది నుంచి మొదలుపెట్టి, కుళాయి కనిపిస్తే చాలు, పట్టడం, తిప్పడం, చూడడం. "ఇక్కడ లేదు." "ఇక్కడ లేదు." ఇసుక ఫిల్టర్లకి నీళ్లొచ్చే చోట ఆగిపోయాడు. ముక్కు రెక్కలు కదిలాయి. మోకాళ్ల మీద కూర్చుని పాత పైపు వాల్వు గోతిలోకి వంగాడు.

"ఇదే," అన్నాడు.

"అది మూసే ఉంది! నేనే బిగించాను, చక్రం ఇంక తిరగట్లేదు," అన్నాడు ఫిట్టరు.

"తిరగట్లేదు సరే, మూసుకుందా? విప్పు."

నీళ్లు ఆపి, విప్పి చూశారు. వాల్వు పలక దిగాల్సిన గాడిలో ఏదో ఇరుక్కుని ఉంది. చక్రం బిగుసుకుంటే అందరూ మూసుకుందనుకున్నారు. కింద రెండు వేళ్ల సందు మిగిలింది, అందులోంచి మట్టి వాసన నీళ్లు హాయిగా నడిచి వెళ్తున్నాయి. ఫిట్టరు పట్టకారుతో ఆ వస్తువుని పైకి లాగాడు. నలిగి సగమైన స్టీలు గ్లాసు.

అందరూ చప్పట్లు కొట్టారు. బాబాయి ఒక్కడే కొట్టలేదు. ఆ గ్లాసుని అందుకుని, అలవాటు చొప్పున వాసన చూసి, అడుగున తను గీసుకున్న గుర్తు కనపడగానే తల దించుకున్నాడు.

"నాదే," అన్నాడు.

పదకొండేళ్ల కిందట తొట్టిలో నీళ్లు ముంచి వాసన చూడబోతుంటే చేయి జారి పడిపోయిందట. కొట్టుకుపోయి పైపులో స్థిరపడింది. ఇన్నేళ్లూ ఆ వాల్వుని ఎవరూ మూసింది లేదు కాబట్టి దాని ఊసు ఎవరికీ తెలియలేదు. బాబాయి నోరు విప్పకపోతే ఎప్పటికీ తెలిసేదీ కాదు. ఆయన గురించి అంత గర్వపడ్డ రోజు నా జీవితంలో ఇంకోటి లేదు.

డైరెక్టరుగారు గ్లాసునీ, బాబాయినీ మార్చి మార్చి చూశారు. "అంటే మీరే చెడగొట్టి, మీరే కనిపెట్టారన్నమాట."

"అవును సార్."

డైరెక్టరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. వాల్వు బిగించాక ఐదు కొత్త సీసాలు వచ్చాయి. "ఏమీ లేదు," అన్నాడు బాబాయి ఐదోది దించుతూ. ఇరవై రెండేళ్లలో చివరి కుళాయి గురించి ఆయన ఆ మాట అనడం అదే మొదలు. ఫిట్టరు ఈలవేశాడు. వాసన గది వాసన గదిగానే ఉండిపోయింది. ఇప్పుడు డైరెక్టరుగారు పరీక్ష రోజుల్లో నూనె లేని తలతో, జుట్టంతా నిక్కబొడుచుకుని వస్తారు.

కథ ఇక్కడితో అయిపోతే బాబాయిని చాదస్తుడనే చెప్పుకునేదాన్ని. కానీ మర్నాడు ఆయన నా బల్ల మీద ఒక పాత నోటుబుక్కు పెట్టాడు. వీధి పైపుల్లో ఇంకా పాత నీళ్లే నిలిచి ఉంటాయి కాబట్టి, వాటిని బయటికి వదిలి పైపులు కడగాలి. ఏ వీధి ముందో ఫిర్యాదులు చూసే నేనే రాసివ్వాలి. నేను పెద్ద ఆఫీసర్ల బంగళాల నుంచి మొదలెట్టబోతున్నాను.

"ఈ వరసలో వెళ్లండి," అన్నాడు.

తెరిచి చూశాను. ఆయన పరువు తీసుకున్న ప్రతి ఇల్లూ అందులో ఉంది. తారీకు, వీధి, ట్యాంకు, తుప్పు, పావురాలు. అన్నింటికంటే పాడు నీళ్లు ముందు. ఇన్నాళ్లూ ఆయన చుట్టరికాలకి వెళ్తున్నాడనుకున్నాం. ఆయన నగరం చివరి కుళాయిలకి వెళ్తున్నాడు. పేజీ పక్కన టిక్కులున్నవి, చెప్పి చెప్పి ఆయన బాగు చేయించినవి.

"మరి ఎవరికీ చెప్పలేదేం బాబాయ్?"

"చెప్తే ముందే ఫిల్టరు నీళ్లు తెచ్చి ఇస్తారే. వాసన ఎలా తెలుస్తుంది?"

మొదటి పేజీలో మొదటి పేరు టైలరమ్మది. పైపు ఆగిపోయే ఆఖరి వీధిలో ఆఖరి ఇల్లు. ఆవిడ కొత్త ఇల్లు కట్టుకుని నలుగురినీ పిలిచిన రోజున, అందరి ముందూ ఈయన గ్లాసులో ముక్కు పెట్టి, "కప్పలున్న గుంట వాసన," అన్నాడు. నాలుగేళ్లుగా ఆవిడ పిన్నితో మాట్లాడదు, జాకెట్లూ కుట్టదు.

పైపు కడిగిన సాయంత్రం ముగ్గురం వెళ్లాం. ఆవిడ తలుపు తీసి, బాబాయిని చూసి, మెడలో టేపుతోనే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి, కుళాయి తిప్పి, గ్లాసు నింపి తెచ్చి, ఊఁ కానివ్వండి అన్నట్టు చేతికిచ్చింది.

బాబాయి గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. తిప్పలేదు, కళ్లు మూయలేదు.

పిన్ని ముక్కున వేలేసుకుంది. టైలరమ్మ, "వాసన చూడలేదేం అన్నయ్యగారూ?" అంది.

"పొద్దున చూసే పంపించానమ్మా."

ఆవిడ మొహం మెత్తబడింది. పిన్ని వైపు తిరిగి, "ఏమ్మా, జాకెట్లు తెచ్చావా?" అంది. మా పిన్ని అప్పటికే సంచీలోంచి నాలుగేళ్ల బట్టలు తీస్తోంది.

సరిగ్గా అప్పుడే బాబాయి ఖాళీ గ్లాసులోకి ముక్కు దించాడు.

"అమ్మా, ఏమనుకోకండి," అన్నాడు. "గ్లాసులు తోమే సబ్బు మాత్రం మార్చాలి."