కాకి రంగు పెళ్లిచీర

ఆ రోజుల్లో కొత్త మాట ఒకటి నేర్చుకుంటే, దాన్ని ఎవరో ఒకరి మీద ప్రయోగించేదాకా నాకు అన్నం సహించేది కాదు. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన కొత్తలో నేర్చిన మాట ‘హెడ్‌లెస్’, అంటే తల లేనిది. కొనేవాళ్లు ఫోన్‌లో చూసే అంగడి ఒకచోట, సరుకు జాబితా, ఆర్డర్లు ఇంకోచోట ఉంటాయి. రెంటికీ మధ్య కబురు మాత్రమే నడుస్తుంది. మా అమ్మ చెల్లెలు, చిన్నమ్మ, పనిచేసే గద్వాల చీరల దుకాణానికి అలాంటిది నేనే కట్టిపెట్టాను (హైదరాబాదులో కూర్చుని, ఒక్క చీర మడతైనా విప్పకుండా). ఆర్డరొస్తే చిన్నమ్మకు అందేది రంగు పేరున్న చీటీ ఒక్కటే, బొమ్మ ఉండదు. “తలకాయ లేనిదాన్ని ఎట్ల గుర్తువట్టాల్రా?” అంటే నవ్వాను.

ఒక తేనెవన్నె పట్టుచీరకు రంగు పేరు రాయాల్సి వచ్చింది. నాకు తెలిసిన నాలుగు రంగుల్లో దానికి దగ్గరిది పోలీసు చొక్కా. మావైపు ఖాకీని కాకి అనే అంటారు. నేనూ అలాగే టైపు కొట్టాను. నాగర్‌కర్నూలు పెళ్లివారు ఫోన్‌లో ఆ చీర బొమ్మ చూసి మనసుపడి ఆర్డరిచ్చారు. చీటీ అందగానే చిన్నమ్మ ఫోన్ చేసింది.

“కాకి రంగంటే చెట్టు మీది కాకా, పోలీసోళ్ల చొక్కానా? పెండ్లికని రాసిండ్రు. జర బొమ్మ చూసి చెప్పు.”

“కాకి అని ఉంటే కాకే చిన్నమ్మా! ముందల అంగడిల బొమ్మ ఎన్క సరుకు పంపేటోళ్లకు అక్కర లేదు, అదే దీని గొప్ప.”

పంపింది. నిగనిగలాడే నల్లచీర.

పెళ్లికి ముందురోజు పెట్టె విప్పిన పెళ్లికూతురి తల్లి, దుకాణం సేటుకు వీడియో కాల్ చేసి చీర ఎత్తి చూపింది. “పెండ్లికి పంపిన్రా, సావుకు పంపిన్రా?” సేటు నన్నూ కాల్‌లోకి లాగాడు. తెరంతా నలుపు. సేటు పక్కనే ఉన్న చిన్నమ్మ మీద పడ్డాడు: “కండ్లు లేవా నీకు? రేపటి సంది రాకు!” చిన్నమ్మ తెరలోంచి నన్నే చూసింది. సిగ్నల్ లేదని చెప్పి కాల్ కట్ చేశాను (సిగ్నల్ నిండుగా ఉంది). పెళ్లివారు వనపర్తిలో వేరే చీర కొనుక్కున్నారు. చిన్నమ్మ పని మాత్రం పోయింది. చుట్టాలంతా ఆమెను ‘కాకి చిన్నమ్మ’ అని ఏడిపిస్తుంటే నేనూ నవ్వాను.

అందుకే ఇది రాస్తున్నాను. తప్పు నాది. ఇన్నేళ్లకు మొన్న గద్వాల వెళ్లి, బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకుని, ముందు ఆమెకే చెప్పాను. చిన్నమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు.

“నాకు తెల్వదా? సేటుకు చెప్తే నీ కొత్త కొలువు పోతుండె.”

“మరి నన్నన్నా అడగకపోతివి?”

“నువ్వే చెప్తవని చూసిన. జర ఆలస్యమైంది, అంతే. ఇంద, ఈనెలు తియ్యి.”

సగం కాయలు నా ముందుకు తోసింది. నలభై ఆరేళ్లవాణ్ని, తిట్లు తప్పిన పిల్లాడిలా బుద్ధిగా కూర్చుని తీశాను.