పలకలకు కంప, మనిషికి నీతులు

నా చిన్నప్పుడు, శ్రావణమాసం మూడో శనివారం, పొద్దున తొమ్మిది గంటలకు, మార్కాపురం దగ్గర మా ఊరి పలకల గని గట్టున పంచాయితీ కూర్చుంది. టైము ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసంటే, గని ఆసామి చేతి గడియారం చూసుకుంటూ, తొమ్మిదైంది, తొందరగా తేల్చండి, నాకు పనులున్నాయి అని మూడుసార్లు అన్నాడు.

అంతకు రెండు రోజుల ముందు పక్కింటి అత్త నెత్తిన గడ్డిమోపుతో, రోజూ నడిచే బాటలోనే నడుస్తూ గనిలో పడింది. ముందురోజు దాకా బాట ఉన్నచోట ఆసామి రాయి కోసం తవ్వించి, అట్లాగే వదిలేశాడు. అత్త కాలు విరిగింది. ఆమె కూలికి పోతేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆమె మళ్లీ నడిచేదాకా వైద్యం, తిండిగింజలు ఎవరు చూడాలన్నదే తగవు. మంచంతో సహా మోసుకొచ్చి ఆమెను పెద్దల ముందు దించారు.

ఆసామి నోటికి సిగ్గు లేదు. భూమి తనదన్నాడు. తవ్వింది కూలివాళ్లన్నాడు. దేవుడి రాత అన్నాడు. చివరకు మంచం వైపు వేలు చూపించి, "కండ్లు యాడ పెట్టుకోని నడిచింది? చూసుకోని నడవాల గదా" అన్నాడు. ముగ్గురు పెద్దలూ అతనిచ్చిన బీడీలు కాలుస్తూ, తప్పు చెరిసగమని తేల్చబోయారు. మంచం మీదున్న మనిషిని ఒక్కడూ అడగలేదు.

అప్పుడు మా అవ్వ లేచి, గుంత పక్కనే పేర్చిన పలకల దొంతర దగ్గరకు పోయింది. దాని చుట్టూ వేసిన తుమ్మకంపను తెగ మెచ్చుకుంది.

"ఎంత పొందిగ్గా ఏసినారు. ఎవురేయించినారు నాయనా?"

ఆసామి పొంగిపోయాడు. "నేనే అవ్వా. తవ్విన రోజే దగ్గరుండి ఏయించినా. ఈ బాటన మేకలు పోతాయి. తొక్కితే పలక మిగుల్తదా?"

"మేకలు పోతాయని ఎరికే. వాటెనక మనిషి పోతదని ఎరికలేదా నీకు? ఇంకో నాలుగు కంప మండలు ఆ గుంత కాడ ఏసుంటే నీ చెయ్యి అరిగిపోయేదా?"

ఆ తర్వాత ఆసామి గడియారం చూడలేదు. పెద్దలు బీడీలు నేలకు రుద్ది, న్యాయం తమకే తోచినట్టు గొంతులు సవరించుకున్నారు. వైద్యమూ గింజలూ అన్నీ అతని నెత్తినే పడ్డాయి. అత్త ఉగాదికి లేచి నడిచింది, కుంటుతూ.

నేను అరవై దాటినాక మనవరాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న బజారులో కాలువ కోసం తవ్విన గుంత పక్కన రేకు బోర్డు ఉంటే కూడబలుక్కుని చదివాను. ఇక్కడ ప్రమాదం జరిగితే తమకు బాధ్యత లేదట. ఆ రేకే గుంతకు అడ్డం పెట్టి ఉంటే సరిపోయేది. చదువు రాని రోజుల్లోనైతే ఆ బోర్డు పక్కనుంచే పోయి అందులో పడేదాన్ని. పక్కనే వాళ్ల సిమెంటు బస్తాలకు మాత్రం వాన తగలకుండా పట్టా కప్పి ఉంది. చూసుకుని నడవమని ఎవడు నీతి చెప్పినా, వాడు తన సొత్తుకు కంప ఎక్కడ వేసుకున్నాడా అని వెతకడం నాకు ఆనాటి నుంచీ అలవాటు. ఎప్పుడూ దొరుకుతుంది.

ఆ శనివారం గట్టున ఉన్నది మా అవ్వ, మంచం మీద పక్కింటి అత్త, ఆ మంచం మోసిన మా నాయన, మా చిన్నాయన, ముగ్గురు పెద్దలు, ఆసామి, నేను. మాతోపాటు, కంప మధ్యన భద్రంగా, ఒక్కటీ పగలని పలకల దొంతర.