రిలీవ్ కాని కోడిపుంజు

“పంద్రాగస్టు అయిపోనీయండి మాస్టారూ, మర్నాడు పొద్దున్న బస్సుకే మిమ్మల్ని రిలీవ్ చేసేస్తాను.” చింతపల్లి అవతల మేం పనిచేసిన ఆశ్రమ పాఠశాలలో హెడ్మాస్టరు మా డ్రిల్లు మాస్టారికి ఈ మాట ఇచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తొంభైల నాటి సంగతి. ఆ మాట నిలబడలేదు. పోయిన నెల డ్రిల్లు మాస్టారు కన్నుమూశారని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఆ మాట.

పెన్షనర్లు పెట్టిన సంతాప సభలో ఆయన్ని “కొండల మీద ప్రేమతో మైదానాన్ని వదులుకున్న మహనీయుడు” అన్నారు. నాకు మైకు ఇవ్వలేదు. ఇస్తే ఏం మాట్లాడతానో వాళ్లకి తెలుసు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆయన దేన్నీ వదులుకోలేదు. ఆయన్నే వదల్లేదు. దానికి కారణం ఒక పాట.

పాట పేరు కోడిపుంజు డిస్కో. దేశమంతటికీ డిస్కో జ్వరం తగిలిన రోజుల్లో, కింద మైదానంలో ఒక ఆర్కెస్ట్రావాళ్లు క్యాసెట్టు చేశారు. ఒక పుంజు తళుకుల చొక్కా తొడుక్కుని పెట్టల ముందు డాన్సు చేస్తుంది, చరణానికోసారి కూస్తుంది. కథ అంతే. నేను తెలుగు పండితుణ్ణి, ప్రబంధాలన్నీ చదివినవాణ్ణి. అర్థం లేకుండా ఇంత శ్రద్ధగా రాసిన రచన మరొకటి చూడలేదు. అందులో కూత మా డ్రిల్లు మాస్టారిది. ఉద్యోగం రాకముందు, సరదాగా కూసిన కూత. పాడింది ఇంకొకరు, వాయించింది ఇంకొకరు. వాళ్లంతా హాయిగా మరుగున పడిపోయారు. ఈయన ఒక్కరే దొరికిపోయారు.

దొరికింది ఘాట్ రోడ్డు మీద. సర్వీసు జీపులో ముందు హెడ్మాస్టరు, వెనక మిరియాల బస్తాల మధ్య మేమిద్దరం. డ్రైవరు క్యాసెట్టు పెట్టాడు. కూత వచ్చేసరికి ఈయన ఆపుకోలేకపోయారు.

“ఆ కూత నాదే బాబూ.”

డ్రైవరు మలుపులో వెనక్కి తిరిగాడు. “ఊరుకోండి మాస్టారూ! మీదేటి?”

“నువ్వు రోడ్డు చూడవయ్యా,” అన్నాను నేను.

“సూత్తన్నానండి. కూత్తేగానీ నమ్మను.”

కూశారు. జీపు జీపంతా గొల్లుమంది. హెడ్మాస్టరు మాత్రం నవ్వలేదు, ఆలోచనలో పడ్డాడు. అప్పుడే నాకు భయం వేసింది.

ఆ ఏడాది నుంచి ఏ ఆఫీసరు కొండెక్కినా కార్యక్రమంలో ఆఖరి అంశం డ్రిల్లు మాస్టారి కోడిపుంజు డిస్కో. గిరిజనుల థింసా నాట్యం అన్ని బళ్లలోనూ ఉంటుంది, కోడిపుంజు మన బడిలోనే ఉంది అని హెడ్మాస్టరు లెక్క. అట్టముక్కతో చేసిన ముక్కు, ఎర్ర కాగితం తురాయి, తోకకి రెండు కొండచీపుర్లు. థింసా ఆడడానికి వచ్చిన పెద్దామె ఒకావిడ మొదటిసారి చూసి కంగారుపడింది. “మాస్టారికి నడుం పట్టేసినట్టుంది, బేగి ఎల్లి పట్టుకోండర్రా!” నేను చదివిన విమర్శ గ్రంథాల్లో ఇంత సూటి వాక్యం లేదు. పిల్లలకి మాత్రం ఆ డాన్సు ప్రాణం. అందుకు వాళ్లని నేనేమీ అనను.

ఆయన భార్య కింద ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడ అక్కడ, ఈయన ఇక్కడ. క్వార్టర్లో ఆయన ట్రంకుపెట్టె ఏనాడూ పూర్తిగా విప్పలేదు. చొక్కా కావాలంటే పైనుంచి ఒకటి తీసుకుని మళ్లీ మూత వేసేవారు. “విప్పితే ఉండిపోయినట్టే పండితులుగారూ,” అనేవారు. సాయంత్రం కిందకి వెళ్లే బస్సు హారన్ వినిపించగానే ఎక్కడున్నా ఓ క్షణం ఆగేవారు. విజిల్ నోట్లో ఉంటే తీసేసేవారు. పిల్లల్ని ఎప్పుడూ కొట్టలేదు. వరస చెడితే, “నేను నిలబడ్డట్టు నిలబడకండ్రా, వెళ్లిపోయేవాళ్లలా నిలబడండి,” అనేవారు. వాళ్లు నవ్వేవారు.

చివరికి బదిలీ వచ్చింది. ఏజెన్సీలో పనిచేసినవాళ్లకి తెలుసు, బదిలీ రావడం ఒకటి, రిలీవ్ కావడం ఒకటి. బదులు మనిషి వచ్చి చేరేదాకా హెడ్మాస్టరు వదలక్కర్లేదు. బదులు రావలసినాయనకి కొండ పేరు వినగానే నడుంనొప్పి వచ్చింది. డ్రిల్లు మాస్టారు హెడ్మాస్టరు గుమ్మం ముందు రోజూ నిలబడ్డారు. అప్పుడు దొరికిందే ఆ పంద్రాగస్టు మాట. అంతకుముందెప్పుడూ లేనంత కష్టపడి సాధన చేశారు. చీపుర్లు కొత్తవి తెచ్చుకున్నారు. పెద్దాఫీసరు మెచ్చుకుంటే తన దారి సాఫీ అవుతుందని ఆయన ఆశ. బాగా చేస్తే వదిలేస్తారని ఎవరైనా అనుకుంటారా? ఆయన అనుకున్నారు.

ఆ రోజు ముసురు. తురాయి తడిసి ఎర్రరంగు చెంపల మీదికి కారుతోంది. ఆయన మాత్రం ఎగిరారు, గెంతారు, బురదలో కాళ్లతో గీరారు. పెద్దాఫీసరు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. దగ్గరికి పిలిచి అడిగాడు.

“వండర్‌ఫుల్! మీకేం కావాలి? చెప్పండి.”

ఆయన రొప్పుతున్నారు. అట్టముక్కు రబ్బరుతో నోటి మీద బిగించి ఉంది. విప్పుకుందామని చెయ్యెత్తేలోపు హెడ్మాస్టరు అందుకున్నాడు.

“ఏమక్కర్లేదు సార్. ఈయనకి ఈ కొండలంటే ప్రాణం.”

“అయితే ఇలాంటివాణ్ణి కదపకండి,” అన్నాడు ఆఫీసరు.

కదపలేదు. బదిలీ రద్దయింది. జైళ్ల గురించి రాసిన పుస్తకాలు చాలా చదివాను, ఏ ఖైదీకీ చీపుర్ల తోక కట్టినట్టు చదవలేదు. ఎంత బాగా చేస్తే అంత గట్టిగా పట్టుకున్నారు. బాగోకుండా చెయ్యండని నేను ఎన్నోసార్లు చెప్పాను. “పిల్లలు చూస్తూంటే కాళ్లు వినవండీ,” అన్నారు. రెండువేల సంవత్సరం వచ్చింది, క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. పాట సీడీలోకి ఎక్కింది, ఆయన కొండ దిగలేదు. దిగింది రిటైరయ్యాకే. “ఇంట్లో చుట్టం దిగినట్టుందండి, కాఫీ ఇచ్చి ఎప్పుడెళ్తారని అడగబోయాను,” అని ఆయన భార్య నాతో నవ్వుతూనే అంది.

ఆయన పోయిన పన్నెండో రోజున కొండ మీది నుంచి పాత విద్యార్థులు రెండు జీపుల్లో ఇంటికి వచ్చారు. కాఫీ తోటలున్నవాళ్లు, కానిస్టేబుళ్లు, ఒక టీచరమ్మ. భోజనాలయ్యాక ఒకడు సెల్‌ఫోన్లో పాట పెట్టాడు. ఏడుస్తూనే లేచారు, పెరట్లో వరసగా నిలబడి, మోచేతులు రెక్కల్లా ఆడిస్తూ మొదలుపెట్టారు. నేను కోప్పడబోయాను. ఆయన భార్య చెయ్యెత్తి నన్ను ఆపింది. జాతీయ పండగలన్నిటికీ ఆసుపత్రి డ్యూటీయే కనక ఆవిడ ఈ డాన్సు ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆయన ఆ పాట మోగనిచ్చేవారు కాదు. గుమ్మానికి ఆనుకుని ఆఖరిదాకా చూసింది.

“ఏటి పండితులుగారూ, ఇదేనా?”

“ఇదేనమ్మా.”

“దీనికోసమేనా ఆయన్ని పంపనేదు?”

తప్పు ఆఫీసరుది కాదు. అతనికి నిజం తెలియదు. కొండకేం సంబంధం, పిల్లలకేం సంబంధం? పెరట్లో మొదటి వరస కుర్చీలో, ఒళ్లో అరటి ఆకు పొట్లం పెట్టుకుని, పాటకి తాళం వేస్తూ తల ఊపుతున్న ముసలాయన ఒకడున్నాడు. పాట ఆగగానే, “ఇంకోసారి వెయ్యండర్రా,” అన్నాడు. నేను చెప్పేది అతని గురించే. మా హెడ్మాస్టరు.