లుక్ ఆఫ్టర్ అని రాసిన తలుపు

ఈ సాయంత్రం అల్మాస్‌గూడలోని మా వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తుంటే మా చిన్నది హోంవర్క్ పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, లుక్ ఆఫ్టర్ అంటే ఏంది?" అని అడిగింది. ముక్కులో ఉల్లిగడ్డ ఘాటు, చెవిలో ఆ రెండు మాటలు ఒక్కసారే తగిలేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం, వెనకనే పండ్ల మార్కెట్. ఎండాకాలం వచ్చిందంటే లారీల్లోంచి దిగే మామిడికాయల వాసన, వాటి కింద పరిచిన వరిగడ్డి వాసన, కాళ్ల కింద నలిగిన పండ్ల పులిసిన వాసన కలిసి మా దుప్పట్లకు కూడా పట్టేవి. ఆటో తోలే నాయన మధ్యాహ్నం అన్నానికి వస్తూ దెబ్బ తగిలిన రసాలు సంచినిండా తెస్తే, బకెట్ నీళ్లలో వేసి, మోచేతులదాకా కారుతున్నా పట్టించుకోకుండా జుర్రుకునేవాళ్లం. అమ్మ చంపాపేట్‌లో బట్టల దుకాణానికి పొద్దున పోతే దీపాలు పెట్టాకే రావడం. నన్ను లేపేది, జడలు వేసేది, తిట్టేది, తినిపించేది అంతా అమ్మ చెల్లెలు, మా సుగుణ చిన్నమ్మే.

చిన్నమ్మ ఇంటర్ అయ్యాక నల్గొండ దగ్గరి ఊరినుంచి మా ఇంటికొచ్చింది, ఇంగ్లీష్ మాట్లాడడం నేర్చుకుని కొలువు వెతుక్కోవడానికి. వానలు పడేలోగా కొలువు దొరక్కపోతే వాపసొచ్చి పత్తిచేలో దిగాలని తాత గట్టిగా చెప్పి పంపాడు. ఇంగ్లీష్ క్లాసులో రోజుకొక జంట మాట ఇచ్చేవాళ్లు. చిన్నమ్మ దాన్ని మా ఆకుపచ్చ తలుపు మీద సుద్దముక్కతో రాసి, ఆ పని ఇంట్లో నిజంగా చేశాకే తుడిచేది. 'వేక్ అప్'ను కోడి కూయకముందే లేచి తుడిచేసింది. 'టర్న్ ఆఫ్' అంటూ నీళ్ల మోటారు కట్టేసింది. 'పుట్ ఆన్' కోసం పాపం అమ్మ పట్టుచీర కట్టుకుని ఇల్లంతా తిరిగింది. "ఏం మరదలా, తలుపుకు గూడ ఇంగ్లీష్ నేర్పిస్తున్నవా?" అని నాయన ఒకటే ఆటపట్టించేవాడు.

'లుక్ ఆఫ్టర్' ఒక్కటి మాత్రం తలుపు మీదే ఉండిపోయింది. చూసుకోవడం అని అర్థం చెప్పింది. నన్ను చూసుకుంటూనే ఉన్నావు కదా, తుడువు అని నేనంటే, "అది ఒక్కనాడు జేస్తె ఒడిసేది గాదు బిడ్డా" అంది.

అంతలో ఎల్బీనగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. చిన్నపిల్లల్ని చూసుకోవాలి, రాత్రీ పగలూ అక్కడే ఉండాలి. ఇల్లంతా సంబరం. నాకు మాత్రం అన్నం సయించలేదు. కొలువు వస్తే చిన్నమ్మ పోతుంది, అంతే. చంకలో ఉల్లిగడ్డ పెట్టుకుంటే జ్వరం వస్తుందని బళ్లో మేమందరం గట్టిగా నమ్మేవాళ్లం. ఇంటర్వ్యూ రోజు పొద్దున చిన్న ఉల్లిగడ్డకు పొట్టుతీసి చంకలో ఇరికించుకుని, మేడమీద ఎండలో కాసేపు నిలబడి వచ్చి, మూలుగుతూ పడుకున్నాను.

చిన్నమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది. మెడ దగ్గర వేసింది. గడియారం వైపు చూసి, తలుపు వైపు చూసి, "లేవ్. నువ్వు గూడ నడువ్" అంది. ఓరి నాయనో, ఇదెక్కడి కథ! చెయ్యి బిగించి శరీరానికి ఆనించుకుని సిటీ బస్సులో ఆమె ఒడిలో కూర్చున్నాను.

హాస్టల్ మేడం ఇంగ్లీష్‌లో మొదట అడిగింది నా గురించే, ఈ పిల్ల ఎవరని. వారం రోజులుగా బట్టీపట్టిన జవాబులన్నీ చిన్నమ్మ మరిచిపోయింది. "మై అక్కాస్ డాటర్. ఫీవర్. ఐ లుక్ ఆఫ్టర్ హర్" అంది. సరిగ్గా అప్పుడే నా గౌను చేతిలోంచి ఉల్లిగడ్డ జారి, దొర్లుకుంటూ పోయి మేడం చెప్పుల దగ్గర ఆగింది. మేడం దాన్ని చూసింది, నన్ను చూసింది, నవ్వు ఆపుకోలేక ఆదివారం వచ్చి చేరమంది. చిన్నమ్మ ఉల్లిగడ్డ తీసి బ్యాగులో వేసుకుంది. దారిలో చెరుకురసం తాగించింది. ఇంటికి రాగానే అదే ఉల్లిగడ్డ కోసి నాకు కోడిగుడ్డు అట్టు వేసింది.

ఆమెను ఆపడానికి నేను చేసిన పనే ఆమెకు కొలువు ఇప్పించింది. ఎంత ఏడ్చానో! మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేది, తర్వాత నెలకోసారి. వచ్చినప్పుడు ఆమె చేతులు వాసన చూసేదాన్ని. నలభై మంది పిల్లలకు జడలు వేసిన కొబ్బరినూనె వాసన, నా తలది కాని వాసన. కుళ్లుకునేదాన్ని. సుద్దరాతను మాత్రం తుడవలేకపోయాను.

పోయినేడు దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చుని, "ఉల్లిగడ్డ కిందపడ్డప్పుడే నీకు తెలిసిందా చిన్నమ్మా?" అని అడిగాను. దగ్గుతూనే నవ్వింది. "నీ మొకం! ఇంట్లనే వాసనొచ్చింది. నేను పోతనని గంత పని జేసిన పిల్లను ఇడ్సిపెట్టి ఎట్ల పోబుద్ధైతదే?" అంది. వానలు పడకముందే చిన్నమ్మ పోయింది.

మార్కెట్ ఊరి బయటికి పోయింది. మా ఇల్లున్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల బట్టల షోరూం. ఆ తలుపు ఏమైందని అడిగితే వాచ్‌మన్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

మా చిన్నదానికి అర్థం చెప్పాను. 'మా అమ్మ నన్ను చూసుకుంటుంది' అని ఇంగ్లీష్‌లో చక్కగా రాసి, తలెత్తి నా ముఖం చూసి, "ఏడుస్తున్నవా అమ్మా?" అంది.

"ఉల్లిగడ్డ" అన్నాను. ఉల్లిగడ్డను అడ్డం పెట్టుకుని అబద్ధమాడడం నాకిది రెండోసారి. వాసన పట్టి కూడా ఏమీ అనకుండా, చెయ్యి పట్టుకుని వెంట తీసుకుపోయే మనిషి మాత్రం ఇప్పుడు లేదు.