పిల్ల నిద్రపోయింది అన్నాను

మా ఆవిడ పోయిన నెల రోజులకి నేను చేసిన మొదటి పని, మోపెడ్‌కి ఉన్న చీర గార్డు విప్పించడం. వెనక చక్రానికి ఎడమవైపు అడ్డంగా బిగించే ఇనుప జాలీ అది. ఆడవాళ్ళు ఒక పక్కకి తిరిగి కూర్చుంటారు కాబట్టి కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా జాలీ, కాళ్ళు ఆనించుకోవడానికి దాని కిందనే చిన్న రేకు. బండికి స్టాండు వేసినప్పుడల్లా ఆ రేకు కంటపడేది. ఎవరూ కాలు పెట్టక దాని మీద దుమ్ము పేరుకుంది. ఆ దుమ్ము చూడలేకపోయాను.

రేపల్లె స్టేషను దగ్గర ఒక మెకానిక్ ఉండేవాడు. స్పానర్ చేతిలో పట్టుకుని తటపటాయించాడు.

"ఉంచుకోండి మాస్టారూ. పాప ఉందిగా, రేపు పెద్దదయ్యాక ఎనక కూర్చుంటది."

నేను మొదటినుంచీ కోపిష్టినే. ఆ రోజుల్లో మరీ. "విప్పమన్నాను, విప్పు. నిన్ను సలహా అడిగానా?" అన్నాను. అతను నాలుగు బోల్టులు ఊడదీసి జాలీని పాత ఇనుము కుప్ప మీద పడేశాడు. బండి తేలికయింది. నేను మాత్రం కాలేదు.

అప్పుడు మా అమ్మాయికి మూడేళ్ళు. ఎనభైల చివరి మాట. మా అత్తగారిది తెనాలి. పచ్చకామెర్లతో పోయిన కూతుర్ని మట్టి చేసి, చర్చి నుంచి ఇంటికొచ్చిన వాళ్ళంతా వెళ్ళిపోయాక, ఆవిడ నా ఎదురుగా కూర్చుంది.

"పిల్లని నేను తీసుకెళ్తాను బాబూ. మీరు ఒక్కరే. జడ వెయ్యాలి, జ్వరమొస్తే చూసుకోవాలి. మగాళ్ళ వల్ల ఏమవుతుంది?"

"నా కూతుర్ని నేను పెంచుకోగలను" అన్నాను. పిల్ల కూడా వెళ్ళిపోతే ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషే ఉండదు. ఆ సంగతి మాత్రం పైకి చెప్పలేదు.

చివరికి ఆవిడే, "సరే, చూద్దాం. పిల్లకి ఏమన్నా అయిందా, నేనూరుకోను. అప్పుడు మాత్రం నాకు అడ్డు చెప్పకండి" అంది. ఒప్పుకున్నాను.

అందుకే పిల్లని బండి మీద కూర్చోబెట్టే విషయంలో నాకంత పట్టింపు వచ్చింది. అప్పట్లో మా ఊళ్ళో పిల్లల సీటంటే రెండే రకాలు. ఒకటి, హ్యాండిల్‌కి రెండు కొక్కేలతో తగిలించే పేము కుర్చీ. హ్యాండిల్ తిప్పితే కుర్చీ కూడా తిరుగుతుంది, గతుకు వస్తే కొక్కెం ఎగురుతుంది. చూడగానే వద్దన్నాను. రెండోది, నా సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య గొట్టానికి బోల్టులతో బిగించే దిండు సీటు. అది తీసుకున్నాను. ఒక్కో బోల్టుకి రెండేసి నట్లు వేయించాను. స్కూలు సంచీ పట్టీ కోయించి టైలరు చేత నడుముకి బెల్టు కుట్టించాను. పిల్లని ఎక్కించే ముందు దాని బరువున్న బియ్యం మూట కట్టి కాలవ గట్టు మీద గతుకుల్లో రెండుసార్లు తిరిగాను. సీటు కదల్లేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే స్పానర్ పట్టుకుని నట్లు చూసుకోవడం అలవాటైపోయింది.

పక్కింటాయన అరుగు మీంచి నవ్వేవాడు. "పిల్లని కూర్చోబెడుతున్నారా, ఇంజను బిగిస్తున్నారా మాస్టారూ?" అని. ఆయన తన బండి మీద ముందొకణ్ణి నించోబెట్టి, వెనక భార్య ఒళ్ళో ఒకణ్ణి పెట్టించి, మధ్యలో ఇంకొకణ్ణి ఇరికించి సినిమాకి వెళ్ళేవాడు. అడిగితే, "అమ్మ ఒళ్ళో ఉంటే భయమేంటండీ?" అనేవాడు. నేను మనసులో ఆయన్ని మూర్ఖుడి కింద జమకట్టాను. ఊళ్ళో నా అంత జాగ్రత్తపరుడు లేడని నా నమ్మకం.

ఆ సీటులో పిల్ల తల సరిగ్గా నా గుండెకి ఆనేది. పొద్దున్నే వంకర జడ వేసి, ఊరి చివర, పిన్నిగారని మేం పిలిచే పెద్దావిడ ఇంట్లో దింపి బడికి పోయేవాణ్ణి. సాయంత్రం తీసుకొచ్చేటప్పుడు ఆ రోజు ముచ్చట్లన్నీ చెప్పేది. రోజు మొత్తం మీద నేను మనిషిలా ఉండేది ఆ పది నిమిషాలే. మిగతా సమయమంతా బల్లలకేసి పాఠాలు చెప్పేవాణ్ణి, గోడలకేసి అన్నం తినేవాణ్ణి.

ఏడాది దాటేసరికి పిల్ల పొడుగైంది. మలుపు తిప్పినప్పుడల్లా మోకాళ్ళు హ్యాండిల్‌కి కొట్టుకుంటున్నాయి. ఇక లాభం లేదని సీటు ఊడదీసి, పిల్లని వెనక్కి మార్చాను. పడిపోకుండా పొడుగు తువ్వాలుతో దాని నడుమునీ నా నడుమునీ కలిపి రెండు ముళ్ళు వేశాను. మా వైపు చాలామంది అలాగే కడతారు. ముడి లాగి చూశాను, గట్టిగా ఉంది. కాళ్ళ సంగతి నాకు తట్టనే లేదు. అంత బియ్యం మూట కట్టి చూసిన వాణ్ణి, చక్రం వైపు ఒక్కసారి వంగి చూడలేదు. ఆ పక్కకి చూడకపోవడం నాకు అప్పటికే అలవాటు.

వేసవి సెలవులివ్వగానే బాపట్లలో ఉన్న మా అక్క ఇంటికి బయలుదేరాం. పొద్దున్నే చల్లటి వేళ. చెరుకుపల్లిలో ఇడ్లీ తిన్నాం. తర్వాత కాసేపు "నాన్నా, కొంగలు, నాన్నా, ఇంకో కొంగ" అంటూ వచ్చింది. ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి. వీపుకి దాని బుగ్గ వెచ్చగా ఆనింది. నాకు హాయిగానే ఉంది.

కర్లపాలెం ఇంకా రెండు మైళ్ళుందనగా బండి ఒక్కసారి పట్టేసినట్టయింది. వెంటనే కేక. ఎడమ కాలు జారి చక్రం పుల్లల్లో పడింది. నేను దిగుదామంటే తువ్వాలు. నేనే వేసిన ముడి నా చేతులకి ఊడిరాలేదు. పొలంలో కూలి చేసుకునే ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకావిడ కొడవలితో తువ్వాలు తెగ్గోసింది. ఇంకొకావిడ చక్రం దగ్గర కూలబడి, "ముందుకి తిప్పమాకన్నా, ఎనక్కి, మెల్లగా" అంటూ తనే తిప్పి కాలు బయటికి తీసింది. చెప్పు నలిగిపోయింది. ఆ చెప్పే లేకపోతే పాదమే పోయేదట. మడమ చీరుకుపోయింది.

కాలు తీసినావిడ చక్రం వంక చూసి, "ఎడంపక్క అడ్డం ఏం పెట్టలేదా అన్నా?" అంది.

"పిల్ల నిద్రపోయింది" అన్నాను.

ఆ మాట అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. కర్లపాలెంలో కుట్లు వేసిన డాక్టరుకీ అదే చెప్పాను. బాపట్లలో అక్కకీ అదే చెప్పాను. మర్నాడు మా అత్తగారు రైలు దిగి వచ్చేసరికి దానికి కొంచెం మెరుగు కూడా పెట్టాను. "నిద్రపోకమ్మా, నిద్రపోకమ్మా అని చెబుతూనే ఉన్నాను అత్తయ్యా" అన్నాను. నేను అలా ఒక్కసారి కూడా చెప్పలేదు. పిల్ల ఆ పక్కనే మంచం మీద కట్టు కాలుతో కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంది.

మా అత్తగారు పోట్లాడలేదు. పిల్ల బట్టలు సర్దింది. ఒప్పందం ఒప్పందమే.

రేపల్లెలో నేనొక్కణ్ణే మిగిలాను. నాలుగు రోజులదాకా పాత కొలతకే బియ్యం పోసి, మిగిలిన అన్నం కాకులకి వేశాను. బడి తెరిచాక, సాయంత్రాలు నాకు తెలియకుండానే బండి పిన్నిగారి వీధిలోకి తిరిగేది. ఆవిడ గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయేది. ఆదివారాలు ఆరాధన అవగానే తెనాలి రైలెక్కేవాణ్ణి. పిల్ల మొదట్లో కుంటేది, తర్వాత నడిచింది, తర్వాత పరుగెత్తింది. కాలు మానింది కదా, తీసుకెళ్తానని అడిగే ధైర్యం నాకు రాలేదు.

మెకానిక్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి రెండు వైపులా సన్న జాలీ, పాదాలకి రేకులు, వెనక వీపు ఆనడానికి ఇనుప చట్రం, దానికే బెల్టు, అన్నీ దగ్గరుండి వెల్డింగ్ చేయించాను. అతను తన పని చేసుకుపోయాడు, అంతే. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

మళ్ళీ వేసవి వచ్చాక మా అత్తగారే మెత్తబడింది. "జూన్‌లో ఒకటో క్లాసు. అస్తమానం నాన్న నాన్న అంటోంది. బండి ఒకసారి తెచ్చి నా కళ్ళకి చూపించండి బాబూ. బాగుంటే తీసుకెళ్ళండి" అంది. ఆ ఆదివారం రైలు మానేసి, రేపల్లె నుంచి తెనాలికి బండి మీదే వెళ్ళాను. దారిలో జంపనిలో ఆగి నట్లన్నీ మరోసారి బిగించాను. బిగిసి ఉన్నవాటినే మళ్ళీ బిగించాను. సంతోషం అది.

మా అత్తగారు మొదట వెనక చక్రం దగ్గర వంగి జాలీలో వేళ్ళు పెట్టి చూసింది, దూరలేదు. బెల్టు పట్టుకుని రెండు చేతులా లాగింది. "బాగానే చేయించారు" అంది. పిల్లని ఎక్కించి బెల్టు పెట్టాను. వీధి చివరిదాకా తిప్పి చూపిద్దామని వెనక్కి తిరిగి పిల్లని చూశాను.

నిటారుగా కూర్చుంది. కళ్ళు ఇంతింత చేసుకుని రెప్ప వెయ్యడం లేదు. గౌను అంచు కింద తొడ మీద తనే గట్టిగా గిల్లుకుంటోంది.

"ఏంటమ్మా అది?"

"నిద్ర రాకుండా నాన్నా. ఈసారి నేను నిద్రపోను. ఒట్టు."

నాకు సిగ్గేసింది. అంత సిగ్గు నేను అంతకు ముందు ఎరగను, తర్వాతా ఎరగను. ఏడాది పాటు ఆ పసిది నా తప్పు మోసింది. కిక్కురుమనకుండా బండెక్కించుకుని వెళ్ళిపోతే పిల్ల నాది. నోరు విప్పితే ఏమవుతుందో తెలుసు. బండికి స్టాండు వేశాను.

"అత్తయ్యా, ఆ రోజు తప్పు పిల్లది కాదు" అన్నాను. గార్డు విప్పించిన సంగతి, మెకానిక్ వద్దన్న సంగతి, నిద్రపోవద్దని నేను చెప్పనే లేదన్న సంగతి, అన్నీ చెప్పేశాను.

"ఎందుకు విప్పించారు?"

"అది ఖాళీగా కనిపించేది. చూడలేక."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పోయింది ఆవిడ కూతురే కదా. తర్వాత అంది. "విప్పించినందుకు నేనేం అనను బాబూ. ఆ బాధ నాకు తెలుసు. కానీ ఆ నింద పిల్ల మీద వేశారే. వద్దు, ఇది ఇక్కడే బడికి వెళ్తుంది." లోపలికి వెళ్ళిపోయింది.  ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

పిల్ల అంతా విన్నది. బెల్టు పెట్టుకునే ఉంది.

"అయితే నాది తప్పు కాదా నాన్నా?"

"కాదమ్మా. నాదే."

"మరి నిద్రపోవచ్చా?"

"పడుకో తల్లీ" అన్నాను. పిల్ల చట్రానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నేను పక్కనే నిలబడి బండి పట్టుకున్నాను. అది స్టాండు మీదే ఉంది. మేం ఎక్కడికీ వెళ్ళడం లేదు.